క్రీడోత్సవములు - ఆతిథ్య నగరములు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. ఈ రెండును గృహస్థుని ఓపికను, ఒడుపును, చేతిలోని సొమ్మును పరీక్షించు కార్యములు. తెలిసినవాడు ఈ రెంటిని ఒకే యేట తలపెట్టడు. కాని ఒలింపిక్ క్రీడలకో, ఆసియా క్రీడలకో ఆతిథ్యమీయ బూనిన నగరము రెండింటిని ఒకేసారి నెత్తికెత్తుకొనుచున్నది. క్రీడాస్థలములు, బాటలు, వసతిగృహములు కట్టవలెను. దేశదేశముల నుండి వచ్చు వేలమంది అతిథులకు రెండు వారములపాటు లోటు రానీయక మర్యాద జరుపవలెను. శుభలేఖలు పంచిన పిమ్మట ముహూర్తము మార్చుటయు సులభము కాదు.

ఈ పరీక్షలో నెగ్గిన నగరమేది, ఓడిన నగరమేది అను ప్రశ్నకు జనులు సాధారణముగ ఉత్సవము జరిగిన దినములనుబట్టియే సమాధానము చెప్పుచుందురు. ప్రారంభోత్సవము కన్నుల పండువుగ జరిగెనా? కొత్త రికార్డులెన్ని? బాణసంచా ఎంత? చరిత్ర చదువువాడు చూడవలసిన దినములు వేరు. క్రీడలకు పదేండ్ల ముందు ఆ నగరమునకు ఏమి కొరతగ ఉండెను? క్రీడలు ముగిసిన పదేండ్లకు ఆ కట్టడములలో ఎవరు తిరుగుచుండిరి? ఈ రెండు ప్రశ్నలు వేసికొని చూచినచో గడచిన డెబ్బది, ఎనుబది యేండ్ల క్రీడాచరిత్ర ఒకే సంగతిని తిరిగి తిరిగి చెప్పుచున్నది. ఉన్నదానితో సరిపెట్టుకొన్న నగరములును, తమకు ఎట్లును కావలసియున్న మార్పునకు క్రీడలను సాధనముగ చేసికొన్న నగరములును బాగుపడినవి. క్రీడల కొరకే కట్టడములు కట్టుకొన్న నగరములు అప్పుపాలైనవి.

ఉన్నదానితో సరిపెట్టుకొనుటకు 1948 నాటి లండను మంచి ఉదాహరణము. 1936లో బెర్లినులో ఒలింపిక్ క్రీడలు జరిగిన పిదప ప్రపంచయుద్ధము వలన 1940, 1944 సంవత్సరముల క్రీడలు రద్దయ్యెను. పండ్రెండేండ్ల తరువాత అవి లండనునకు వచ్చునాటికి ఆ నగరము బాంబుల దెబ్బ నుండి ఇంకను కోలుకొనలేదు. రొట్టెపై రేషను క్రీడల ప్రారంభమునకు కొద్ది దినముల ముందే తొలగెను. మాంసము, వెన్న, చక్కెర ఇంకను రేషను మీదనే దొరకుచుండెను. ఇట్టి స్థితిలో కొత్త స్టేడియమును గూర్చి తలపోయుటకే వీలు లేదు. 1923లో కట్టిన వెంబ్లీ స్టేడియము సిద్ధముగ ఉండెను. అందు వేటకుక్కల పందెములు జరుగుచుండిన బాటపైననే పరుగుపందెముల బాటను పరచిరి. క్రీడాగ్రామమను పేరిట ప్రత్యేకముగ ఏదియు కట్టలేదు. పురుషులకు అక్స్‌బ్రిడ్జి, వెస్ట్ డ్రేటన్ విమానదళ శిబిరములలోను, రిచ్‌మండ్ పార్కు సైనిక శిబిరములోను, స్త్రీలకు కళాశాలల వసతిగృహములలోను బస ఏర్పరచిరి. తువాళ్లు ఎవరివి వారే తెచ్చుకొనవలెనని ముందే తెలిపిరి. ఓడరేవు కూలీలకు, గనిపనివారికి ఇచ్చు హెచ్చు రేషనునే క్రీడాకారులకును ఇచ్చిరి.

వచ్చిన అతిథులును గృహస్థుని స్థితిగతులెరిగిన బంధువులవలె మెలగిరి. కొన్ని జట్లవారు తమ వెంట ఆహారపదార్థములు తెచ్చుకొని, మిగిలినవానిని బ్రిటిషు ఆసుపత్రులకిచ్చి వెళ్లిరి. 59 దేశముల నుండి నాలుగువేలకు పైగా క్రీడాకారులు పాల్గొనిరి. మన శ్రోతలకు ఆసక్తి కలిగించు విషయమొకటి ఇచట చెప్పవలెను. 1924 నాటి సామ్రాజ్య ప్రదర్శన కొరకు వెంబ్లీలో కట్టిన కళాభవనమునే బి.బి.సి. వారు ప్రసారకేంద్రముగ మార్చుకొని, అచటి నుండి క్రీడావార్తలను లోకమంతట వినిపించిరి. స్వతంత్ర భారతపు హాకీజట్టు ఆగస్టు 12న బ్రిటను జట్టును 4-0 గోల్స్‌తో ఓడించిన వార్తయు వెంబ్లీ నుండి వెలువడినదే. స్వాతంత్ర్యము వచ్చి ఏడాది నిండుటకు మూడు దినములుండగా, మొన్నటి పాలకుల నగరములో, వారి జట్టుపైననే లభించిన విజయమది. లెక్కలు కట్టి చూచునప్పటికి, అప్పు పడుట అటుండగా, నిర్వాహకుల చేతిలో కొన్నివేల పౌండ్లు మిగిలెను.

మూడేండ్లు నిండకముందే మన ఢిల్లీయు ఈ మార్గమున నడచెను. ఆసియా దేశములకు ప్రత్యేక క్రీడోత్సవము ఉండవలెనను సంకల్పము గురుదత్ సోంధీది. నిర్వహణభారము వహించినవారు ఆంటొనీ డిమెల్లో. 1950లో జరుపదలచిన ఈ ప్రథమ ఆసియా క్రీడలు ఏర్పాట్లు పూర్తికాక 1951 మార్చి 4 నుండి 11 వరకు జరిగెను. దేశవిభజన గాయములు మానక, తిండిగింజలకు ఇతర దేశముల వంక చూడవలసివచ్చిన కాలమది. అందుచేత కొత్త కట్టడముల జోలికి ఎక్కువగ పోలేదు. 1933లో ఇర్విన్ పేరిట వెలసిన క్రీడారంగమే నేషనల్ స్టేడియమయ్యెను. సైనికుల నివాసములే క్రీడాకారులకు విడిదిండ్లయ్యెను. 11 దేశముల నుండి 489 మంది పోటీలకు దిగిరి. లండను క్రీడలకు పిలుపు రాని జపాను ఢిల్లీకి వచ్చి అందరికంటె ఎక్కువ పతకములు గెలుచుకొనెను. వెలివేసిన బంధువును పిలిచి తిరిగి పంక్తిని కూర్చుండబెట్టిన మర్యాద ఆ విధముగ ఢిల్లీకి దక్కెను. ఫుట్‌బాలు తుదిపోటీలో ఇరానును 1-0 గోలుతో ఓడించిన భారతజట్టునకు శిక్షకులు మన హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీం.

ఈ రెండు కథలు విని, పేదరికమే విజయరహస్యమని అనుకొనరాదు. లండనుగాని, ఢిల్లీగాని తమ చేతికి అందునదేదో ముందు లెక్కించుకొని, పిదప అతిథులను పిలిచెను. సొమ్ము గల నగరమునకును ఈ లెక్క అవసరమే. అది తప్పినచో ఏమగునో కనడా దేశపు మాంట్రియల్ నగరము చూపినది.

1967లో జరిగిన ప్రపంచ ప్రదర్శన మాంట్రియల్‌కు మిక్కిలి పేరు తెచ్చెను. ఆ ఊపులో మేయరు జాన్ డ్రాపో 1970లో పట్టుపట్టి 1976 ఒలింపిక్ క్రీడలను తన నగరమునకు సంపాదించెను. క్రీడలకు నష్టము వచ్చుట మగవాడు బిడ్డను కనుట వంటిదని ఆయన ధీమాగ పలికెను. 1973లో ప్రకటించిన అంచనా 31 కోట్ల కనడా డాలర్లు. ఫ్రెంచి వాస్తుశిల్పి రోజె తాయిబేర్ రచించిన స్టేడియము నమూనా అపూర్వమైనది. ఒక పక్కకు ఒరిగిన 165 మీటర్ల గోపురము, ఆ గోపురము నుండి తీగలతో పైకి లాగుకొనదగిన కప్పు అందలి విశేషములు. అపూర్వమైనది గనుకనే అట్టిదానిని కట్టిన అలవాటు ఎవరికిని లేదు. పని ఆలస్యమయ్యెను. పనివారు సమ్మె చేసిరి. నూనె ధరలతోపాటు సామానుల ధరలును పెరిగెను. గడువు దగ్గరపడిన కొలది, ఎంత అడిగిన అంత ఇచ్చి పని చేయించుకొనవలసిన అవస్థ వచ్చెను. తుదకు 1975లో క్విబెక్ రాష్ట్రప్రభుత్వము నగరము చేతినుండి నిర్మాణమును తన చేతికి తీసికొనెను. 1976 జూలై 17న క్రీడలు ప్రారంభమైనప్పుడు గోపురము ఇంకను అసంపూర్ణముగనే నిలిచియుండెను.

ఆ క్రీడలలో రుమేనియా దేశపు పదునాలుగేండ్ల బాలిక నాదియా కొమనేచి జిమ్నాస్టిక్స్‌లో పదికి పది మార్కులు పొంది లోకమును విస్మయపరచెను. ఆ విస్మయము పక్షము దినములది; అప్పు మాత్రము ముప్పది యేండ్లది. సుమారు 150 కోట్ల డాలర్ల ఋణమును, పొగాకుపై వేసిన పన్ను సాయముతో, 2006లో గాని తీర్చలేకపోయిరి. క్రీడల నాడు పుట్టని బిడ్డలు సైతము పెరిగి పెద్దవారై ఆ అప్పు తీర్చుటకు పన్ను కట్టిరన్నమాట. గోపురము 1987లో పూర్తియయ్యెను. కప్పు పలుమారులు చినిగెను. 2024లో కొత్త కప్పు కొరకు 87 కోట్ల డాలర్లు వెచ్చింప నిర్ణయించిరి. ఈ కథలో ఊరట కలిగించు భాగమొకటి కలదు. సైకిలు పందెముల కొరకు కట్టిన భవనమును 1992లో జంతువులు, వృక్షములు నివసించు ప్రదర్శనశాలగ మార్చిరి. ఆ భవనమునకు నగరవాసుల నిత్యజీవితములో చోటు దొరకెను. ఆ చోటును క్రీడలకు ముందే వెదకి ఉన్నచో ఎంత బాగుండెడిది!

మాంట్రియల్ అనుభవము చూచి నగరములు బెదరినవి. 1984 క్రీడలకు కడవరకు నిలిచిన నగరము లాస్ ఏంజెలెస్ ఒక్కటియే. అచటి ఓటర్లును జాగ్రత్తపడి, తిరిగి రాబట్టుకొనలేని నగరధనమును క్రీడలకు ఖర్చు చేయరాదని 1978లో తీర్పుచెప్పిరి. ఖజానా తలుపు ఈ విధముగ మూతపడుటయే నిర్వాహకులకు మేలయ్యెను. పీటర్ యూబెరాత్ నాయకత్వమున వారు టెలివిజను హక్కులను అమ్మిరి. వ్యాపారసంస్థల నుండి విరాళములు రాబట్టిరి. 1923లో కట్టి, 1932 ఒలింపిక్ క్రీడలలోను వాడిన కొలీజియము స్టేడియమునే మరల వాడిరి. విశ్వవిద్యాలయముల విద్యార్థి వసతిగృహములే క్రీడాగ్రామములయ్యెను. క్రొత్తగ లేచినవానిలో చెప్పుకొనదగినవి ఒక ఈతకొలను, ఒక సైకిలు పందెముల బాట. వానిని కూడ వ్యాపారసంస్థల సొమ్ముతోనే కట్టిరి. ఖర్చులు పోను 20 కోట్ల డాలర్లకు మించి మిగిలెను. అందు కొంతభాగముతో ఏర్పడిన సంస్థ దక్షిణ కాలిఫోర్నియా బాలబాలికల క్రీడలకు నేటికిని తోడ్పడుచున్నది. తెర వెనుక చూచిన లండను 1948 నాటి పాఠమే లాస్ ఏంజెలెస్ పట్టుబట్టలు కట్టుకొని తిరిగి చదివినదని తెలియును.

ఉన్నదానితో గడుపుకొనుట ఒక మార్గము. కావలసినదానిని కట్టుకొనుట రెండవ మార్గము. ఇందు ఆరితేరినది స్పెయిను దేశమునందలి బార్సిలోనా. ఒలింపిక్ క్రీడలపై ఆ నగరమునకు పాత ఆశ కలదు. 1936 క్రీడల కొరకు పోటీపడి బెర్లిను చేతిలో ఓడెను. హిట్లరు నీడలో జరుగు ఆ క్రీడలకు నిరసనగ 1936 జూలైలో బార్సిలోనాలో ప్రజా ఒలింపిక్ క్రీడలు జరుప సంకల్పించిరి. ప్రారంభమునకు ముందటి దినములలోనే స్పెయిను అంతర్యుద్ధము రేగి ఆ సంకల్పము అంతరించెను. 1929లో మోంజ్విక్ కొండపై కట్టిన స్టేడియము ఆశాభంగమునకు సాక్షిగ మిగిలెను. పిదప ఫ్రాంకో నిరంకుశపాలన దశాబ్దములపాటు సాగెను. ఆ కాలమున నగరము పట్టుతప్పి పెరిగెను. సముద్రతీరముననే ఉండియు బార్సిలోనా సముద్రమును చూడలేని నగరమయ్యెను. రైలుపట్టాలు, పాతపడిన కర్మాగారములు, గిడ్డంగులు ఊరికిని నీటికిని నడుమ గోడవలె నిలిచెను.

1986లో క్రీడలు లభించినప్పుడు మేయరు పాస్క్వల్ మారగల్, ఆయనతో పనిచేసిన వాస్తుశిల్పులు మొదట ఈ గోడను తొలగించు ఆలోచన చేసిరి. ఆ చోట ఉన్న రైలుపట్టాలను తీసివేసి, కర్మాగారముల స్థలమున సుమారు రెండువేల ఇండ్లతో క్రీడాగ్రామమును కట్టిరి. క్రీడలు ముగిసిన పిదప అవి నగరవాసుల నివాసములయ్యెను. తీరమును శుభ్రపరచి ఇసుకతిన్నెలను ఏర్పరచిరి. నగరము చుట్టును తిరుగు రహదారులు వేసిరి, విమానాశ్రయమును విస్తరించిరి. పాత స్టేడియము వెలుపలి గోడలను నిలిపి, లోపల దానిని తిరిగి కట్టిరి. ఈ యేర్పాట్లన్నిటికిని అయిన మొత్తములో క్రీడాస్థలములకు చెందినది ఇంచుమించు పదవవంతు మాత్రమే. తక్కిన సొమ్ము నగరమునకు ఎప్పుడైనను అవసరపడు పనులకే ఖర్చయ్యెను. క్రీడలు రాకున్నను బార్సిలోనాకు ఆ బాటలు, ఆ ఇండ్లు, ఆ తీరము కావలసియుండెను. క్రీడలు వచ్చుటచే ఇరువది యేండ్ల పనికి ఆరేండ్ల గడువు ఏర్పడెను. 1992 జూలై 25 రాత్రి విలుకాడు అంటోనియో రెబొల్లో వదలిన మండు బాణము స్టేడియముపై జ్యోతిని వెలిగించినప్పుడు, 1936లో ఆగిపోయిన పండుగ ఆ కొండపై తిరిగి మొదలైనట్లు ఆ నగరవాసులకు తోచియుండును.

బార్సిలోనా విజయమునకును వెల లేకపోలేదు. నగరము అందముగ మారిన కొలది ఇండ్ల అద్దెలు పెరిగెను. తరువాతి సంవత్సరములలో యాత్రికుల తాకిడి ఎంత హెచ్చెననగా, అచటివారే వీథులలోనికి వచ్చి తమ ఊరు తమకు చాలుటలేదని మొరపెట్టుకొనిరి. అతిథులను ఆహ్వానించుట ఎంత విద్యయో, వారి రాకకు హద్దు ఏర్పరచుటయు అంత విద్యయే.

ఇంతవరకు చెప్పినది నగరము లెక్క. నగరమును చేతులతో కట్టినవారి లెక్క వేరొకటి కలదు. దానిని చూచుటకు మరల ఢిల్లీకి రావలెను. 1951 నాటి నిరాడంబరత 1982 నవంబరులో జరిగిన తొమ్మిదవ ఆసియా క్రీడల నాటికి లేదు. జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియము, ఇందిరాగాంధీ పేరిట ఇండోరు స్టేడియము, క్రీడాగ్రామము, బాటలపై వంతెనలు త్వరత్వరగ లేచెను. మన దేశమున రంగుల టెలివిజను మొదలైనదియు ఆ యేటనే. ఆ నిర్మాణముల వద్ద కూలీల స్థితిని ముగ్గురు సామాజిక శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. వారి నివేదికను జతపరచి ప్రజాస్వామిక హక్కుల సంఘమువారు సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి. ఎన్. భగవతిగారికి ఒక జాబు వ్రాసిరి. ఆ జాబునే కోర్టువారు దావాగ స్వీకరించిరి. దినమునకు 9 రూపాయల 25 పైసల కనీస కూలిని కంట్రాక్టర్లు జమేదార్ల ద్వారా చెల్లించుచుండగా, ఆ జమేదార్లు ప్రతి కూలివాని నుండి దినమునకొక రూపాయి తమ కమిషనుగ పట్టుకొనుచుండిరి. కనీస కూలికి తక్కువ ఇచ్చి పని చేయించుట రాజ్యాంగములోని 23వ అధికరణము నిషేధించిన వెట్టిచాకిరియే యగునని 1982 సెప్టెంబరు 18న కోర్టు తీర్పుచెప్పెను. క్రీడల ప్రారంభమునకు అప్పటికి రెండునెలల వ్యవధి మాత్రమే ఉండెను. నాటి పతకముల పట్టిక నేడు ఎందరికి జ్ఞప్తియందున్నదో చెప్పజాలము. ఆ తీర్పు మాత్రము న్యాయశాస్త్ర విద్యార్థులందరును నేటికిని చదువుచున్నారు. ఆ ఆసియా క్రీడలు దేశమునకు ఇచ్చి వెళ్లినవానిలో అదియు ఒకటి. అయినను, అది నిర్వాహకులు తలచి ఇచ్చినది గాదు.

మన హైదరాబాదునకును ఆతిథ్యానుభవము కలదు. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003 అక్టోబరులో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు ఇచట జరిగెను. వానిలో చివరిదానిని ముంబయితో కలిసి నిర్వహించెను. నగరపు పడమటి అంచున గచ్చిబౌలిలో స్టేడియములు వెలసెను. అందలి ఇండోరు స్టేడియములోనే 2009 ఆగస్టులో ప్రపంచ బాడ్మింటన్ పోటీలు జరిగెను. క్రీడాకారుల బస కొరకు అచట కట్టిన బహుళాంతస్తుల భవనము 2020లో కోవిడు మహమ్మారి వ్యాపించినప్పుడు సుమారు 1,500 పడకల ఆసుపత్రిగ మారెను. ఆ భవనమునకు పునాది వేసిననాడు ఈ ఉపయోగమును ఊహించినవారు లేరు. గట్టిగ కట్టిన ఇల్లు, ఊరికి అందుబాటున ఉన్న ఇల్లు, పెండ్లివారు వెళ్లిన పిదప ఏదో ఒకనాడు ఇరుగుపొరుగులకు అక్కరకు వచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఈ చరిత్రను నెమరువేసికొనవలసిన సమయము మనకు మరల వచ్చినది. 2030 కామన్వెల్తు క్రీడలకు అహమదాబాదు నగరమును 2025 నవంబరులో ఎంపిక చేసిరి. మన దేశమున ఒలింపిక్ క్రీడలు జరుపవలెనను కోరికయు వినవచ్చుచున్నది. కోరిక మంచిదే. అయితే నమూనాపటములు గోడకు తగిలించిన నాడే కొన్ని ప్రశ్నలు అడుగవలసియున్నవి. ఈ కట్టడములలో ఇప్పటికే మన వద్ద ఉన్నవెన్ని? క్రీడలు రాకపోయినను ఈ బాట, ఈ ఇల్లు, ఈ మురుగుకాలువ మనకు కావలెనా? క్రీడలు ముగిసిన మరుసటి సోమవారము ఈ స్టేడియము తాళపుచెవి ఎవరి చేతిలో ఉండును? ఇటుకలు మోయు కూలివానికి కనీస కూలి మొత్తముగ ముట్టుచున్నదా, లేక ఆ రూపాయిని దారిలో ఎవరైనను పట్టుకొనుచున్నారా?

పందిరి వేయుటకు ముందే ఈ ప్రశ్నలకు సమాధానములు కాగితముపై వ్రాసి ప్రజల ముందుంచిన నగరము అతిథులను నిశ్చింతగ పిలువవచ్చును.